ఆటే అక్షరానికి తొలిమెట్టు : అంగన్‌వాడీలలో పూర్వ ప్రాథమిక విద్య

మొక్కై వంగనిది మానై వంగునా అన్నది తెలుగునాట తరతరాలుగా వినవచ్చే సామెత. పసితనంలోనే బిడ్డలను తీర్చిదిద్దాలన్న హితవు ఇందులో ఉంది. అయితే ఈ సామెతలోని వంచడమనే మాటను మాత్రమే పట్టుకుని, మూడేళ్ళు నిండీ నిండని బిడ్డ చేతికి పెన్సిలిచ్చి, గీతల పుస్తకం ముందు గంటల తరబడి కూర్చోబెట్టడమే చదువని భావించే ధోరణి ఇటీవలి దశాబ్దాలలో పట్టణాలలోనే గాక పల్లెలలో సైతం ప్రబలింది. మొక్కకు ముందుగా కావలసినవి నీరు, ఎండ, వేళ్ళు పారడానికి మెత్తని నేల. ఆరేళ్ళలోపు బిడ్డకు ఈ మూడింటినీ సమకూర్చేది ఆటేనని శిశు విద్యావేత్తలు దాదాపు రెండు శతాబ్దాలుగా చెబుతున్నారు.

బిడ్డ మెదడు వికాసంలో 85 శాతానికి పైగా ఆరేళ్ళ వయసులోపే జరుగుతుందని జాతీయ విద్యా విధానం-2020 పేర్కొంది. ఈ కారణంగానే 3 నుంచి 8 ఏళ్ళ వరకు గల అయిదేళ్ళ కాలాన్ని పునాది దశగా గుర్తించి, అందులో మొదటి మూడేళ్ళను అంగన్‌వాడీకి లేదా పూర్వ ప్రాథమిక తరగతులకు, తరువాతి రెండేళ్ళను ఒకటి, రెండు తరగతులకు కేటాయించింది. దేశ విద్యా విధానంలో మూడేళ్ళ బిడ్డకు ఇంతటి స్థానం లభించడం ఇదే ప్రథమమని చెప్పవచ్చు. దేశవ్యాప్తంగా దాదాపు 14 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా ఉన్న అంగన్‌వాడీ కేంద్రాలపై దీనితో గురుతర బాధ్యత పడింది. కోడిగుడ్డు, పాలు, వేడి భోజనం అందించే కేంద్రంగా ఊరివారికి సుపరిచితమైన అంగన్‌వాడీని బిడ్డ తొలి బడిగా కూడా వారు గుర్తించవలసి ఉంది. ఈ గుర్తింపు ఇంకా పూర్తిగా రాలేదన్నది కాదనలేని విషయం. మూడేళ్ళ వరకు కేంద్రంలో పేరున్న పిల్లలు ఆ తరువాత ఎల్‌కేజీ బస్సెక్కి వెళ్ళిపోవడం అనేక గ్రామాలలో కనిపిస్తోంది.

బాలవాడి నుంచి అంగన్‌వాడీ వరకు

ఆటనే పాఠంగా మలచిన తొలి ప్రయత్నాలలో ప్రసిద్ధమైనది జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ చేసినది. 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్ అనే చిన్న పట్టణంలో ఆయన పసిపిల్లల కోసం ఒక సంస్థను నెలకొల్పి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టారు. పిల్లల తోట అని ఆ మాటకు అర్థం. దారపు బంతులు, కొయ్య గోళాలు, ఘనాలు, దిమ్మెలు ఆయన రూపొందించిన ఆట సామగ్రి. ఇటలీలో వైద్యురాలైన మరియా మాంటిస్సోరి 1907 జనవరి 6న రోమ్ నగరంలోని ఒక పేదల వాడలో బాలల గృహాన్ని ప్రారంభించారు. పిల్లల ఎత్తుకు తగిన బల్లలు, కుర్చీలు, చేతికందే అల్మారాలు ఉండాలన్న ఆలోచనకు ప్రచారం లభించింది ఆమె వల్లనే. ఆమె 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. రెండవ ప్రపంచ యుద్ధం కారణంగా కొన్ని నెలల కోసం వచ్చిన ఆమె ఏళ్ళ తరబడి ఈ దేశంలోనే ఉండిపోవలసి వచ్చింది. మన శిశు విద్యకు అది ఒక విధంగా కలిసివచ్చిందనే అనాలి.

భారతదేశంలో ఈ భావాలను మన నేలకు అనువుగా మలచిన మహనీయులు గిజుభాయి బధేకా. న్యాయవాద వృత్తిని వదలి, 1920లో భావనగర్‌లో దక్షిణామూర్తి బాలమందిరాన్ని స్థాపించిన గిజుభాయిని గుజరాత్ ప్రజలు మీసాల తల్లి అని ఆప్యాయంగా పిలుచుకున్నారు. ఆయన రచన దివాస్వప్న తెలుగులో పగటికల పేరుతో ఉపాధ్యాయ లోకానికి చిరపరిచితం. ఆయన సహచరి తారాబాయి మోదక్ మరో అడుగు ముందుకు వేశారు. ఖరీదైన సామగ్రి, పక్కా భవనం లేనిదే శిశు విద్య లేదంటే పల్లె బిడ్డకు, గిరిజన బిడ్డకు అది ఎన్నటికీ అందదని గ్రహించి, 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీ గ్రామంలో కొత్త ప్రయోగానికి పూనుకున్నారు. బడికి రాలేని పిల్లల ముంగిటికే బడిని తీసుకువెళ్ళారు. గవ్వలు, ఆకులు, గింజలు, గులకరాళ్ళు ఆ బడిలో బోధనోపకరణాలయ్యాయి. అంగన్‌వాడీ అనే మాట, భావన రెండూ ఈ ప్రయోగం నుంచే వికసించాయి. అంగనమంటే ముంగిలి. తారాబాయికి 1962లో పద్మభూషణ్ పురస్కారం లభించింది. ఆమె శిష్యురాలు అనుతాయి వాఘ్ ఆ కృషిని కోస్‌బాడ్ కొండ ప్రాంతంలో దశాబ్దాల పాటు కొనసాగించారు.

తెలుగువారికి ఈ చరిత్రలో తమ వంతు స్థానం ఉంది. రాజమండ్రిలో జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలు. ఆ బోర్డు 1954లో ప్రారంభించిన సంక్షేమ విస్తరణ పథకాల ద్వారా దేశంలోని పల్లెలకు బాలవాడీలు వచ్చాయి. కొందరు పెద్దవారు ఇప్పటికీ అంగన్‌వాడీని బాలవాడి అనే పిలవడం వినవచ్చు. ఇక న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా పిల్లల ఆటపాటలకు తెలుగు ఇళ్ళలో తెచ్చిన గౌరవం సామాన్యమైనది కాదు. వారు నడిపిన బాలానందం వింటూ పెరిగినవారు నేడు తాతలు, అమ్మమ్మలు.

1975 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, దేశంలోని 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ప్రారంభమైంది. అనుబంధ పోషకాహారం, వ్యాధి నిరోధక టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆస్పత్రికి సిఫారసు చేసే సేవలు, తల్లులకు పోషణ, ఆరోగ్య విద్య, పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య అనే ఆరు సేవలు ఇందులో ఉన్నాయి. నలభై మంది ఆరేళ్ళలోపు పిల్లలున్న ఆవాసం కోరితే అంగన్‌వాడీ కేంద్రాన్ని మంజూరు చేయాలని 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ ద్వారా 45వ అధికరణం మారి, ఆరేళ్ళు నిండే వరకు బాలలందరికీ సంరక్షణ, విద్య కల్పించేందుకు రాజ్యం కృషి చేయాలన్న నిర్దేశం చేరింది. ఆరు సేవలలో ఆహారం, టీకాలు లెక్కకు అందుతాయి. తూకం వేయవచ్చు, రిజిస్టరులో నమోదు చేయవచ్చు. ఆట అలా లెక్కకు అందదు. ఆరవ సేవ వెనుకబడి ఉండడానికి ఇదొక ముఖ్య కారణం.

గది ఎలా ఉండాలి

2013లో ప్రకటించిన జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం ముప్ఫయి మంది పిల్లలకు కనీసం 35 చదరపు మీటర్ల గది, మరో 30 చదరపు మీటర్ల ఆరుబయలు ఉండాలని సూచించింది. మూడు నుంచి ఆరేళ్ళ వయసు పిల్లలు ఇరవై మందికి ఒక పెద్ద మనిషి ఉండాలని, రోజుకు మూడు నాలుగు గంటలు మించకుండా కార్యక్రమం సాగాలని, అందులో కొంత విశ్రాంతి ఉండాలని, మాతృభాషలోనే వ్యవహారం నడవాలని కూడా ఆ విధానంలో పేర్కొనడం జరిగింది. అద్దె ఇంట్లో ఒక్క గదిలో, సగం వంటకు, బియ్యం బస్తాలకు పోగా మిగిలిన చోట నడిచే కేంద్రాలకు ఈ కొలతలు అందని మాట నిజమే. అయినప్పటికీ ఉన్న స్థలాన్ని ఎలా అమర్చుకోవాలన్నది చాలావరకు టీచరు చేతిలోని పని.

ఆ అమరికకు మూలల పద్ధతి అని పేరు. గదిలో ఒక మూల చాప పరచి బొమ్మల పుస్తకాలు, ఒక మూల కొయ్య దిమ్మెలు, అగ్గిపెట్టెలు, ఖాళీ డబ్బాలు, మరో మూల చిన్న గిన్నెలు, గరిటెలు, పాత చీర ముక్కలు, బొమ్మలు, ఇంకొక మూల రంగులు, బంకమట్టి, కాగితాలు ఉంచుతారు. వాకిట్లో నీడపట్టున ఇసుక, ఒక తొట్టెలో నీళ్ళు ఉంటే సరిపోతుంది. వస్తువులన్నీ పిల్లల కంటి ఎత్తులో, వారే తీసుకుని వారే తిరిగి సర్దుకునేలా ఉండాలి. గోడ మీద బొమ్మలు కూడా అంతే. పెద్దవారు తలెత్తి చూసే ఎత్తున వేసిన అక్షరమాల చార్టు తనిఖీకి వచ్చిన అధికారికి కనిపిస్తుందే గాని బిడ్డకు కనిపించదు. ఆట వస్తువులు పాడవుతాయని బీరువాలో తాళం వేసి ఉంచే అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది. విరిగిన బొమ్మకు సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుందన్న భయమే దీనికి కారణం. పిల్లలు ఆడుకుంటే వస్తువులు అరుగుతాయన్న సంగతిని స్టాకు రిజిస్టరు పరిశీలించే వారు కూడా గుర్తించవలసి ఉంది.

రోజు గడిచే తీరు

2022 అక్టోబరు 20న విడుదలైన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం తైత్తిరీయోపనిషత్తు చెప్పిన అన్నమయ, ప్రాణమయ, మనోమయ, విజ్ఞానమయ, ఆనందమయ కోశాలను ఆధారంగా తీసుకుని బిడ్డ సర్వతోముఖ వికాసాన్ని నిర్వచించింది. 2023 ఫిబ్రవరిలో ఆట వస్తువులు, పజిళ్ళు, కథల పుస్తకాలు, తోలుబొమ్మలతో కూడిన జాదూయి పిటారా అనే పెట్టె 13 భారతీయ భాషలలో వెలువడింది. 2023 మే 10న కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ పోషణ్ భీ పఢాయీ భీ కార్యక్రమాన్ని ప్రారంభించి, అంగన్‌వాడీ కార్యకర్తలకు శిశు విద్యలో ప్రత్యేక శిక్షణ చేపట్టింది. పోషణతో పాటు చదువు కూడా అని దీని భావం. 2024 మార్చి 12న మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల కోసం ఆధార్‌శిల, పుట్టుక నుంచి మూడేళ్ళ వరకు నవచేతన అనే రెండు పాఠ్యప్రణాళికలు విడుదలయ్యాయి.

ఆధార్‌శిల సంవత్సరాన్ని 48 వారాలుగా విభజించింది. మొదటి నాలుగు వారాలు బిడ్డ కేంద్రానికి అలవాటు పడడానికే కేటాయించడం ఇందులో మెచ్చదగిన అంశం. అమ్మ కొంగు వదలని బిడ్డకు అక్షరాల కంటే ముందు ఆ గది తనదే అన్న నమ్మకం కలగాలి. తరువాతి 36 వారాలు నేర్చుకోవడానికి, చివరి ఎనిమిది వారాలు నేర్చినదాన్ని బలపరచుకోవడానికి. 130కి పైగా కార్యకలాపాలను వారపు ప్రణాళికలో కూర్చారు. కేంద్రంలో రోజు అరగంట స్వేచ్ఛా క్రీడతో మొదలు కావాలని సూచించారు.

స్వేచ్ఛా క్రీడ అంటే పిల్లలను వదిలేసి టీచరు రిజిస్టర్లు రాసుకునే సమయం కాదని ఇక్కడ స్పష్టం చేయవలసి ఉంది. ఏ బిడ్డ ఏ మూలకు వెళుతున్నాడు, ఎవరితో ఆడుతున్నాడు, ఎవరు ఒంటరిగా కూర్చున్నారు, ఎవరు పిలిస్తే పలకడం లేదు అన్నది గమనించే సమయమది. వినికిడి లోపం, చూపు మాంద్యం, మాట ఆలస్యం వంటివి చాలాసార్లు మొదట బయటపడేది ఆటలోనే. రెండవది టీచరు వెనుక ఉండి నడిపించే ఆట. ఉదాహరణకు అంగడి ఆటనే తీసుకుంటే, ఆకులు, రాళ్ళు పేర్చి నలుగురు పిల్లలు దుకాణం పెడతారు. టీచరు కొనుగోలుదారుగా వచ్చి, నాలుగు వంకాయలు కావాలి, వాటిలో ఒకటి అన్నిటికంటే పెద్దదై ఉండాలి అని అడుగుతుంది. దుకాణదారు లెక్కపెడతాడు, పోల్చి చూస్తాడు, మూడే ఉన్నాయమ్మా రేపు రండి అని బేరమాడతాడు. లెక్క, భాష, మర్యాద మూడూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. మూడవది నియమాలతో కూడిన ఆట. తన వంతు వచ్చే వరకు ఆగడం, ఓడినా అలగకుండా ఉండడం అందులో అలవడతాయి.

మన ఆటల మాట

పాఠ్యప్రణాళిక పేరెత్తితే ఏదో పరాయి సరుకు దిగుమతి అయినట్లు భావించనవసరం లేదు. తెలుగు పల్లెలలో పసిపిల్లల ఆటలకు కొదవ లేదు. గుజ్జనగూళ్ళు వండి వడ్డించడం, బొమ్మరిల్లు కట్టడం, బొమ్మల పెళ్ళి చేయడం ఇవన్నీ నేటి విద్యావేత్తలు నటనా క్రీడ అని పిలిచే వాటికి మన పేర్లు. తడి ఇసుకలో పాదం పెట్టి, పైన ఇసుక కప్పి తట్టి, మెల్లగా పాదం వెనక్కి తీస్తే పిచ్చుకగూడు తయారవుతుంది. పొడి ఇసుకతో గూడు నిలవదని, మరీ నీళ్ళు ఎక్కువైతే జారిపోతుందని, తొందరపడితే కూలుతుందని బిడ్డకు ఎవరూ చెప్పనవసరం లేదు. రెండుసార్లు కూలిన తరువాత మూడోసారి తనే తెలుసుకుంటాడు.

దాగుడుమూతలలో దాక్కున్న బిడ్డ నవ్వు ఆపుకుని, ఊపిరి బిగబట్టి, కదలకుండా ఉండాలి. నాలుగేళ్ళ వయసులో అది చిన్న విషయం కాదు. తనను తాను అదుపులో ఉంచుకునే ఈ శక్తే రేపు తరగతిలో చెప్పేది వినడానికి పునాది. చెమ్మచెక్కలో ఎదుటివారి చేతులతో లయ తప్పకుండా చప్పట్లు కలపాలి. ఆ లయ మాటలోని అక్షరాలను విడివిడిగా వినగలిగే నేర్పుకు దారితీస్తుంది. ఒప్పులకుప్ప తిరిగితే శరీరం నిలకడ నేర్చుకుంటుంది. వామనగుంటల పీటలో 14 గుంటలుంటాయి. పూర్తి ఆట నాలుగైదేళ్ళ వారికి అందదు గాని, గుంటకొక చింతగింజ చొప్పున వేసుకుంటూ పోవడం మూడేళ్ళు దాటిన బిడ్డకు ఎంతో ఇష్టమైన పని. ఒక వస్తువుకు ఒక అంకె అన్న గణితపు మొదటి సూత్రం అదే. ఒకటి నుంచి వంద వరకు వల్లించగలిగి, అయిదు గింజలు తీసివ్వమంటే గుప్పెడు గింజలు తెచ్చే పిల్లలు లేకపోలేదు. గింజలతో ఆడేటప్పుడు పెద్దవారి కన్ను తప్పక ఉండాలి. ముక్కులో, చెవిలో దోపుకోవడం, మింగడం ఈ వయసులో సహజం. మూడేళ్ళలోపు పిల్లల చేతికి చిన్న గింజలు, పూసలు అసలు ఇవ్వరాదు.

ఆట వస్తువుల విషయంలో తెలుగు రాష్ట్రాలు ఎంతో అదృష్టం చేసుకున్నాయి. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరణిపై చెక్కి, లక్కకు సహజ రంగులు కలిపి పూసే బొమ్మలు నున్నగా, కోసులు లేకుండా పసిచేతులకు అనువుగా ఉంటాయి. సహజ రంగుల పునరుద్ధరణకు కృషి చేసిన అక్కడి కళాకారుడు సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలదే. కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి కర్రతో తయారవుతాయి. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో భాగాలు అతుకుతారు. అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే మనిషి ఇవన్నీ కథ చెప్పడానికి సిద్ధంగా ఉన్న పాత్రలు. అయితే రంగు వేసి కొలువులో నిలిపే బొమ్మ వేరు, నోట్లో పెట్టుకునే గిలక వేరు. ఈ తేడాను కొనుగోలు చేసేవారు గుర్తుంచుకోవడం అవసరం. 2021 జనవరి 1 నుంచి ఆట వస్తువులకు భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు తప్పనిసరి అయింది. నమోదైన హస్తకళాకారులకు, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకు ఇందులో మినహాయింపు ఇవ్వడం జరిగింది.

పలక ఎప్పుడు పట్టాలి

ప్రతి అంగన్‌వాడీ టీచరుకు తల్లుల నుంచి ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. పక్కింటి పిల్లవాడు ఏబీసీడీలు రాస్తున్నాడు, మా వాడికి ఎప్పుడు రాయిస్తారు టీచరుగారూ అని. ఈ ప్రశ్నను తేలికగా తీసుకోరాదు. కూలికి వెళ్ళి వచ్చిన సొమ్ములో సగం ఫీజుగా కట్టడానికి సిద్ధపడుతున్న తల్లి ఆరాటం అందులో ఉంది. ఆటలే అయితే ఇంట్లో ఆడుకోడా అన్న ఆమె సందేహానికి సమాధానం చెప్పలేనప్పుడు బిడ్డ బస్సెక్కుతాడు.

సమాధానం బిడ్డ చేతిలోనే ఉంది. మూడేళ్ళ వయసులో మణికట్టులోని చిన్న ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. వేళ్ళ కండరాలకు పెన్సిలును పట్టి నడిపే బలం రాదు. ఆ స్థితిలో రాయించినప్పుడు బిడ్డ పిడికిలితో పట్టుకుని భుజం నుంచి బలం తెచ్చుకుంటాడు. చేయి నొప్పి పుడుతుంది, రాతంటే విముఖత ఏర్పడుతుంది. బంకమట్టి పిసకడం, చపాతీ పిండి ఒత్తడం, పువ్వులు గుచ్చడం, బఠాణీలు వలవడం, కాగితం చించి అతికించడం, ఇసుకలో వేలితో గీయడం ఇవన్నీ రాతకు ముందు చేతికి ఇచ్చే తర్ఫీదు. ఎడమ నుంచి కుడికి గీత, గుండ్రం, ఏటవాలు గీత, ముగ్గులోని మెలిక వచ్చిన బిడ్డకు తెలుగు అక్షరాలు అందడం ఎంతో సులువు. మన లిపి గుండ్రనిది కనుక ముగ్గు పెట్టే చేతికి అది చుట్టమే.

అక్షరాభ్యాసం తెలుగువారికి పవిత్రమైన సంస్కారం. బాసరలోని జ్ఞాన సరస్వతి సన్నిధిలో ఏటా వేలాది మంది పిల్లలకు బియ్యంలో వేలితో తొలి అక్షరం దిద్దిస్తారు. బియ్యంలో దిద్దించిన పెద్దల సంప్రదాయంలో ఒక వివేకం ఉంది. అక్కడ బిడ్డ చేతిలో పెన్సిలు లేదు, బియ్యంలో వేలు ఉంది, ఆ వేలును నడిపే తండ్రి చేయి ఉంది. ఆ మరునాటి నుంచే నాలుగు గీతల కాపీ పుస్తకం ముందు కూర్చోబెట్టమని ఏ సంప్రదాయమూ చెప్పలేదు.

భాష విషయం కూడా ఇటువంటిదే. మూడేళ్ళ బిడ్డ తన ఇంటి మాటతో కేంద్రానికి వస్తాడు. ఆదిలాబాద్ ప్రాంతంలో అది గోండి కావచ్చు, భద్రాచలం పరిసరాలలో కోయ కావచ్చు, సీతంపేట కొండలలో సవర కావచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లోనే ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక తరగతుల బోధనకు శ్రీకారం చుట్టారు. దానికంటే ముందు మెట్టయిన అంగన్‌వాడీలో టీచరుకు ఆ భాష వస్తే బిడ్డ మొదటి రోజే నోరు విప్పుతాడు. రాకపోతే నెలల తరబడి మౌనంగా ఉంటాడు. ఆ మౌనాన్ని మందబుద్ధిగా పొరబడిన సందర్భాలు ఎన్నో.

టీచరు పక్షాన రెండు మాటలు

ఇన్ని చెప్పిన తరువాత, ఇవన్నీ చేయవలసిన మనిషి గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది. అంగన్‌వాడీ టీచరు ఒక్కరే మూడేళ్ళ బిడ్డను, అయిదున్నరేళ్ళ బిడ్డను ఒకే గదిలో చూసుకోవాలి. బరువులు తూచాలి, గర్భిణుల పేర్లు నమోదు చేయాలి, టీకాల రోజున తల్లులను పిలవాలి, 2021 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్‌లో రోజువారీ వివరాలు నింపాలి. సిగ్నల్ లేని ఊళ్ళలో ఈ చివరి పనికే పూట గడిచిపోతుంది. సర్వేలు, ఇతర విధులు వీటికి అదనం. రోజుకు కనీసం రెండు గంటలు శిశు విద్యకే కేటాయించాలన్న నిర్దేశం అమలు కావాలంటే ఆ రెండు గంటలలో ఆమెను మరే పనికీ పిలవకుండా ఉండాలి. ఇది పై స్థాయిలో పాటించవలసిన నియమం. సహాయకురాలు వంట పనిలో ఉన్నంతసేపు పిల్లలను రెండు జట్లుగా చేసి, పెద్ద పిల్లలకు దిమ్మెల మూల అప్పగించి, చిన్నవారితో తాను కూర్చోవడం అనుభవమున్న టీచర్లు పాటించే ఉపాయం. వేర్వేరు వయసుల పిల్లలు కలిసి ఉండడం అన్నివేళలా లోపం కాదు. అక్క వయసు పిల్ల చెబితే చిన్నవాడు టీచరు చెప్పినదానికంటే త్వరగా నేర్చుకుంటాడు.

తల్లిదండ్రులను కేంద్రానికి పిలిచి పిల్లల ప్రగతిని చూపించేందుకు నెలకొకసారి శిశు విద్యా దినం నిర్వహించవలసి ఉంది. ఒక్కొక్క బిడ్డ వేసిన బొమ్మలు, అతికించిన కాగితాలు ఒక సంచిలో తేదీ వేసి భద్రపరిస్తే, జూన్‌లో పిచ్చిగీతలు గీసిన చేయి డిసెంబరుకు అమ్మ బొమ్మ వేయడం తల్లి కళ్ళారా చూస్తుంది. మార్కుల పట్టీ కంటే ఆ సంచి ఆమెను ఎక్కువగా ఒప్పిస్తుంది. ఒకటో తరగతిలో చేరే నాటికి బిడ్డకు ఆరేళ్ళు నిండి ఉండాలని జాతీయ విద్యా విధానం చెబుతున్నందున, మూడేళ్ళ పాటు తొందర లేకుండా ఆడుకునే వ్యవధి ప్రతి బిడ్డకూ ఉంది.

మూడేళ్ళు నిండిన బిడ్డను నివాసానికి దగ్గరలోని అంగన్‌వాడీ కేంద్రంలో ఏ నెలలోనైనా చేర్పించవచ్చు. ఎటువంటి రుసుమూ లేదు. చేర్పించే ముందు ఒక పూట కేంద్రంలో కూర్చుని, ఆట వస్తువులు బీరువాలో ఉన్నాయో పిల్లల చేతుల్లో ఉన్నాయో తల్లిదండ్రులు స్వయంగా చూసి, లేని పక్షంలో సంబంధిత సూపర్‌వైజరు దృష్టికి తీసుకురావచ్చు.